వంతెనవారి ఇంటిపేరు

జనన మరణాల నమోదు కార్యాలయంలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఆవిణ్ణి ఊళ్ళో అందరూ రికార్డులమ్మ అనే పిలిచేవారు. ఎవరి తాత ఏ ఏడు పోయాడో, ఎవరి పెళ్ళి ఏ బైండులో ఏ పేజీలో ఉందో లేచి చూడకుండానే చెప్పేది. కౌంటర్ దగ్గర నిలబడి కాగితం మీద గబగబా సంతకం గీకేవాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. "ముందు చదవండి. అర్థం కాకపోతే నన్నడగండి. ఆ తర్వాతే కలం పట్టండి" అని రోజుకి ఇరవైసార్లైనా అనేది. పక్క బల్ల మీద ముద్రలు వేసే గుమాస్తా ఆ మాటలు ఆవిడ గొంతుతోనే అనుకరించి నవ్వించేవాడు.

ఆవిడ ఇంటిపేరు వంతెన. ఊరి మధ్య పారే నది మీద పూర్వం ఒక చెక్క వంతెన ఉండేదట. వరదకి అది సగం కొట్టుకుపోయినప్పుడు ఆవిడ వంశంలో పెద్దాయన ఒకాయన నడుముకి మోకు కట్టుకుని, రొమ్ములోతు నీళ్ళల్లో నిలబడి, అవతల చిక్కుకున్న జనాన్ని ఒక్కొక్కరినే ఇవతలికి దాటించాడట. ఆ రోజు నుంచి జనం ఆయన్ని వంతెనాయన అన్నారు, ఆయన పిల్లల్ని వంతెన వాళ్ళు అన్నారు. ఎవరూ పిలిచి ఇచ్చిన బిరుదు కాదది, జనం నోట పుట్టిన పేరు. ఇప్పుడు ఆ పేరుతో పదిహేడు ఇళ్ళున్నాయి. రికార్డులమ్మ పెళ్ళి చేసుకోలేదు. లెక్కల మాస్టారైన తండ్రి పోయాక ఆవిడకి దగ్గరివాడంటే, బజారులో తాళాలు బాగుచేసే చిన్నాన్న ఒక్కడే. అతని కొట్టు మీద పెద్ద అక్షరాలతో 'వంతెన తాళాలు' అని బోర్డుండేది.

ఆ ఏడాది కొత్త చట్టం వచ్చింది. దేశంలో ప్రతి మనిషికీ గుర్తింపు కార్డు ఉండాలి, దాని మీద ఇంటిపేరు ఉండి తీరాలి. చట్టం అందరికీ ఒకటే అని రాజుగారే సంతకం పెట్టారు. తీరా ఆయన ఫారం నింపబోతే, ఇంటిపేరు గడి ఖాళీగా మిగిలిపోయింది. రాజవంశానికి బిరుదులున్నాయి, సింహాసనం ఎక్కినప్పుడు పెట్టుకునే పేర్లున్నాయి. ఇంటిపేరు మాత్రం లేదు. ఇన్ని వందల ఏళ్ళలో వాళ్ళని ఆ ప్రశ్న అడిగిన నాథుడే లేడు.

ఆ చిక్కు పట్టుకుని రికార్డు గదికి వచ్చినవాడు రాజభవనం కార్యదర్శి. ఊరందరికీ అతను కార్యదర్శిగారు, రికార్డులమ్మ మాత్రం పొడుగ్గా ఉంటాడని 'పొడుగు' అనేది. చిన్నప్పుడు ఆవిడ తండ్రి దగ్గర లెక్కలు నేర్చుకోవడానికి వచ్చేవాడు. వాళ్ళమ్మ మంచాన పడ్డ రెండేళ్ళూ మధ్యాహ్నం భోజనం వీళ్ళింట్లోనే. చొక్కా గుండీ ఊడితే కుట్టింది ఆవిడే, పరీక్ష తప్పితే వెనకేసుకొచ్చిందీ ఆవిడే. పదేళ్ళు పెద్దది కాబట్టి అక్కయ్య అనేవాడు. పెద్ద ఉద్యోగం వచ్చాక కూడా ఆ పిలుపు మారలేదు.

"అక్కయ్యా, మీరే గట్టెక్కించాలి" అన్నాడు కుర్చీ లాక్కుని.

"నీకు చిక్కులు కొత్తా? భిన్నాల లెక్కలప్పటి నుంచీ చూస్తున్నాగా."

"ఈసారి నాక్కాదు, రాజుగారికి. ఆయనకో ఇంటిపేరు కావాలి."

ఆవిడ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. "రాజుగారికి లేనిది కూడా ఒకటుందా!"

"నవ్వకండి. బిరుదులన్నీ రాస్తే గడి చాలడం లేదు. రాయకపోతే కార్డు రావడం లేదు. మట్టివాసన ఉన్న పేరు, జనానికి దగ్గరగా ఉండే పేరు ఏదైనా వెతికి పెట్టండి."

మూడు నెలలు ఆవిడ ఆ పని మీదే కూర్చుంది. కొండల పేర్లు, పాత ఊళ్ళ పేర్లు, రాణుల పుట్టింటి పేర్లు, మొత్తం నలభై రాసింది. ఒకటి మరీ గంభీరంగా ఉందని, ఇంకొకటి పూర్వం తిరుగుబాటు చేసినవాడిదని, మరొకటి పలకడానికి నోరు తిరగదని, అతను అన్నీ తిప్పి పంపాడు. ఒక ఆదివారం భోజనానికి వచ్చి, "మీ పేరెలా వచ్చింది అక్కయ్యా? మాస్టారు చెప్పేవారు, మరిచిపోయాను" అన్నాడు. కూర వడ్డిస్తూ ఆవిడ వరద కథంతా చెప్పింది. మోకు బిగుసుకుని పెద్దాయన నడుం చుట్టూ చర్మం ఊడొచ్చిందని, చచ్చేదాకా ఆ మచ్చ పోలేదని చెప్పింది. అతను ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"ఇదంతా రికార్డుల్లో ఉందా?"

"ఎందుకు లేదు? మొట్టమొదటి బైండులోనే ఉంది. నకలు కావాలా?"

తండ్రి శిష్యుడికి తమ ఇంటి కథంటే ఎంత ప్రేమో అనుకుంది ఆవిడ. మర్నాడే నకలు తీసి ఇచ్చింది.

నెల తిరక్కుండా అతను లావుపాటి కట్టొకటి తెచ్చాడు. "మీరు రాసిన నివేదికే. శుభ్రంగా టైపు చేయించాను. పేజీ పేజీకీ మీ సంతకం కావాలట, మా వాళ్ళ పట్టింపు" అన్నాడు. బయట కారు ఆగి ఉంది. మూడు నెలలు తను రాసిందే, తనకి తెలియనిదేముంది? ఆవిడ తండ్రి గురించి మాట్లాడుతూ, మధ్యలో నవ్వుతూ, అతను పేజీ తిప్పిన చోటల్లా సంతకం పెట్టుకుంటూ పోయింది. మొత్తం ఎనభై ఒక్క సంతకాలు.

ఓ రోజు మిట్టమధ్యాహ్నం ఆఫీసు రేడియోలో ప్రకటన వచ్చింది. ఇకమీదట రాజుగారి కుటుంబం ఇంటిపేరు వంతెన. ముద్రల గుమాస్తా చేతిలో ముద్ర పడేసి లేచి నిలబడ్డాడు. "అమ్మో, ఇన్నాళ్ళూ రాజుగారి చుట్టం పక్కన కూర్చుని ఆవులించాను!" అన్నాడు. ఆవిడకి తల తిరిగినట్టైంది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత సంతోషం వేసింది. సాయంత్రం బజారంతా చిన్నాన్న కొట్టు ముందే ఉంది. "రాజుగారు నాకు తమ్ముడి వరసవుతాడా, కొడుకు వరసవుతాడా? ముందు అది తేల్చండి" అని చిన్నాన్న అందర్నీ నవ్విస్తున్నాడు. పొడుగు తనకి చెప్పకుండా ఇంత పెద్ద ముచ్చట దాచాడే అని ఆవిడ మురిసిపోయింది.

ఆ మురిపెం ఆరు రోజులు నిలిచింది. ఏడో రోజు రాజపత్రం అచ్చయి ఆఫీసుకి వచ్చింది. అలవాటు ప్రకారం ఆవిడ మొదటి అక్షరం నుంచీ చదవడం మొదలుపెట్టింది. రాజకుటుంబం పేరుని ఇతరులు వాడడానికి వీల్లేదు. ఇప్పటికే ఆ ఇంటిపేరు ఉన్నవాళ్ళు తొంభై రోజుల్లోగా మార్చుకోవాలి. బోర్డుల మీద, తలుపుల మీద, సమాధుల మీద కూడా తీసెయ్యాలి. ఆ కింద ఇంకో మాట ఉంది: 'సదరు కుటుంబాలన్నిటి తరఫునా ఈ పేరుని సింహాసనానికి స్వచ్ఛందంగా సమర్పించినట్టు సమ్మతి పత్రం అందింది.' దాని నకలు వెనక జతచేశారు. అరవై రెండో పేజీ. అడుగున ఆవిడ సంతకం, ఆవిడ గుండ్రటి చేతిరాత.

ముద్రల గుమాస్తా మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. ఆవిడ ముట్టలేదు.

రాజభవనంలో కార్యదర్శి గది చాలా పెద్దది. కిటికీలకి మందపాటి తెరలున్నాయి, బల్ల మీద గాజు పలక ఉంది. ఆవిణ్ణి చూడగానే అతను లేచి ఎదురొచ్చాడు. "రండక్కయ్యా, కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. అరవై రెండో పేజీ బల్ల మీద పెట్టింది. "ఇది నేను రాసింది కాదు."

అతను కాగితం వైపు చూడలేదు. "చదివుంటే మీరు ఒప్పుకునేవారు కాదు" అన్నాడు.

పొరపాటు జరిగిందంటాడని, టైపు చేసినవాడి మీదకి నెడతాడని ఆవిడ దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. అలా అన్నా నమ్మడానికి సిద్ధపడే వచ్చింది. ఈ జవాబుకి మాత్రం సిద్ధంగా లేదు.

"అంటే తెలిసే చేశావు."

"రాజుగారికి నలభైలో ఒక్కటీ నచ్చలేదు. ఇది చెప్పగానే లేచి నిలబడ్డారు. నన్నేం చెయ్యమంటారు?"

"నన్నడగమంటాను. నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు కదా, ఆ నోటితోనే ఒక్క మాట అడగమంటాను."

అతను బల్ల మీదున్న చిన్న పుస్తకం ఆవిడ ముందుకి జరిపాడు. బళ్ళలో పంచడానికి వేసిందట. అట్ట మీద వరద బొమ్మ ఉంది. నడుముకి మోకు కట్టుకుని నీళ్ళల్లో నిలబడ్డ మనిషి తల మీద చిన్న కిరీటముంది.

"ఎవరితను?"

"యువరాజు. అంటే... చరిత్రకి కాస్త మెరుగు పెట్టాలి కదా. మీరు బాధపడకండి, మాస్టారి పేరు మీద ఒక బడి పెట్టిస్తాను. రాజుగారితో మాట్లాడాను కూడా."

"ఏ పేరు రాస్తావు బడి మీద? మా నాన్న ఇంటిపేరుతో రాస్తావా, ఇంటిపేరు కోసేసి రాస్తావా?"

ఆవిడ వచ్చేసింది. మెట్లు దిగుతుంటే పన్నెండేళ్ళ వయసులో జ్వరమొచ్చి తమ ఇంటి అరుగు మీద పడుకున్న అతని మొహమే కళ్ళ ముందు ఆడుతోంది. కోపం రావలసిన చోట ఆ మొహం అడ్డొస్తోంది.

ఫిర్యాదు రాసి పంపింది. విచారణ సంఘం నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది: సంతకం మీదేనని తేలింది, కనుక ఫిర్యాదు కొట్టివేశాం.

పేరు మార్చుకోవడానికి జనం రావలసింది ఆవిడ కౌంటర్ దగ్గరికే. "ఈ మూడు నెలలూ సెలవు పెట్టండి. పదిహేడిళ్ళే కదా, నేను చూసుకుంటాను" అన్నాడు ముద్రల గుమాస్తా. ఆవిడ ఒప్పుకోలేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఫారం ఇచ్చే ముందు తనే చెప్పింది: "ఆ సంతకం నాదే. చదవకుండా పెట్టాను. మోసపోయాను. మిమ్మల్నీ ముంచాను."

కొందరు తల దించుకుని ఫారం నింపి పోయారు. వరసకి వదినయ్యే కుట్టుపనావిడ, "రాజభవనంలో ఏ పదవి ఇస్తున్నారమ్మా?" అని అందరూ వినేలా అడిగి వెళ్ళింది. పురిటి బిడ్డని ఎత్తుకొచ్చిన ఒక కోడలు మాత్రం, "వీడికింకా పేరే పెట్టలేదు పిన్నీ, అప్పుడే ఇంటిపేరు పోయింది" అని నవ్వబోయి ఏడ్చేసింది.

చిన్నాన్న రాలేదు. ఆవిడే కొట్టుకి వెళ్ళింది. బోర్డు మీద మొదటి మాటకి తెల్లరంగు పూసేసి ఉంది. అతను తాళంలోంచి తల ఎత్తలేదు.

"చిన్నాన్నా, వాడిలా చేస్తాడని నాకు..."

"వాణ్ణి నేనేమీ అనను. వాడు నాకెవడు? అనేదేదో నిన్నే అనాలి. మా అన్న ఉంటే ఆ కాగితం మూడుసార్లు చదివేవాడు." ఆకురాయి పక్కన పెట్టి, మళ్ళీ తీసుకున్నాడు. "వెళ్ళమ్మా. చేతిలో పనుంది."

తొంభయ్యో రోజు సాయంత్రం కౌంటర్ మూసే వేళకి వచ్చాడతను. కడిగినా పోని నూనె మరకల చేత్తో ఖాళీ ఫారం ముందుకి తోశాడు. "నువ్వే రాయి. నాకు అక్షరాలు ఆనడం లేదు."

పాత ఇంటిపేరు గడిలో ఆవిడ వంతెన అని రాసింది. కొత్త పేరు గడి దగ్గర కలం ఆగింది.

"నీదేం రాశావు?" అన్నాడు.

"ఇంకా రాయలేదు."

"ఇవాళ ఆఖరు కదా!"

"నువ్వేం పెట్టుకుంటావో చూద్దామని ఆగాను."

అతను జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. "నా కోపం పోయిందనుకోకు."

"అనుకోను."

"తాళాల అని రాయి. ఇద్దరికీ అదే రాయి. నేనొక పేరుతో పోయి, నువ్వొక పేరుతో మిగిలితే నన్ను మట్టిలో దింపడానికి వచ్చేదెవరు?"

రెండు ఫారాలూ నింపి ఆవిడ ముద్రల గుమాస్తాకి అందించింది. అతను ఎప్పుడూ వేసే జోకు వెయ్యకుండా ముద్ర వేశాడు.

ఏడాదిన్నర గడిచింది. చిన్నాన్న మందుల కోసం దుకాణం ముందు వరసలో నిలబడి ఉంటే, ఎదురుగా ఆగిన కారులోంచి కార్యదర్శి దిగాడు. ఆవిణ్ణి చూసి మొహమంతా విప్పారి, చేతులు చాచుకుంటూ వచ్చాడు. "అక్కయ్యా! బాగున్నారా? ఎన్నాళ్ళైంది చూసి! ఇంటికి రాకూడదూ? మా పిల్లలకి మిమ్మల్ని చూపిస్తానని ఎప్పుడూ అంటుంటాను."

ఈ క్షణం వస్తే ఏమనాలో ఆవిడ ఎన్నోసార్లు మనసులో అనుకుంది. మాటలన్నీ సిద్ధంగానే ఉన్నాయి. కానీ అతని కళ్ళల్లో బెరుకు లేదు, నటన లేదు. నిజంగానే సంతోషపడుతున్నాడు. ఆ అరవై రెండో పేజీ అతనికి ఒక పూట పని, అయిపోయింది, మరిచిపోయాడు. తను ఏడాదిన్నరగా మోస్తున్నది అతని దగ్గర లేనే లేదు.

"వరస కదులుతోంది" అంది ఆవిడ.

ముందుకి జరిగి, మందుల చీటీ లోపలికి అందించింది. రోగి పేరు అడిగితే చిన్నాన్న కొత్త పేరు చెప్పింది. వెనక కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.