బంతి దాచుకునే గోడ

తెల్లారగానే నోరీన్ పాస్కో కాగితపు గ్లాసులో చల్లారిపోయిన కాఫీ పట్టుకుని వచ్చి మైదానం పక్కనున్న ఆటసామాన్ల కొట్టు తాళం తీస్తుంది. పిల్లలు ఆవలిస్తూ వస్తారు. చివర చిన్న వల బిగించిన కర్రలు తీసుకుని, పాత వ్యాయామశాల వెనకగోడ ముందు వరసగా నిలబడతారు. రబ్బరు బంతిని గోడకేసి విసరడం, తిరిగొచ్చిన దాన్ని వలలో పట్టడం, మళ్ళీ విసరడం. ముందు కుడిచేత్తో, తర్వాత ఎడమచేత్తో. లాక్రాస్ ఆడే పిల్లలు ఎక్కడైనా చేసే పని ఇదే.

"ఎడమచెయ్యి! దేవుడు రెండు చేతులిచ్చాడే మీకు!" అని నోరీన్ అరుస్తుంది. ప్రూయిట్ కాలేజీ ఆడపిల్లల జట్టుకి కోచ్‌గా చేరిన నాటి నుంచీ ఆమె రోజూ అరిచేది ఈ మాటే.

ఆ గోడకి ఒక అలవాటుంది. ఎప్పుడైనా ఒక బంతిని తిరిగివ్వదు, దాచుకుంటుంది. ఇటుక మీద మచ్చ కూడా పడదు. కొన్నేళ్ళు పోయాక, విసిరిన మనిషి దగ్గర్లో ఉన్నప్పుడు, ఆనాటి వేగంతోనే తిరిగిచ్చేస్తుంది. ఒకావిడ పెళ్ళిబట్టల్లో గోడ ముందు ఫోటో దిగుతుంటే వచ్చింది, మేలిముసుగులోనే పట్టుకుంది. ఊళ్ళో పళ్ళ డాక్టరు ఆండ్రియాకి మూతి మీదకే వచ్చింది. రెండు పళ్ళు పోయాయి, ఆమె కట్టుడుపళ్ళు పెట్టించుకుని హాయిగా ఉంది. దీని గురించి మేరీల్యాండ్‌లోని ఆ ఏటిగట్టు ఊళ్ళో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. పీతల సీజను గురించి అయితే మాట్లాడతారు.

వెక్స్‌లీ కాలేజీతో పోటీకి ముందురోజు సాయంత్రం, చివరి సంవత్సరం పిల్లలు తలా ఒక బంతి ఎడమచేత్తో గోడకి విసరాలి. అది ప్రూయిట్ ఆచారం. గోడ ఎవరి బంతినైనా ఉంచేసుకుంటే పాత విద్యార్థులందరూ చప్పట్లు కొడతారు. ఎవరి బంతి గోడలో ఉంటే ఆ మనిషి ఈ ఊరు వదిలి నిలవలేదని వాళ్ళ నమ్మకం. ఒకామె దూరాన ఓరెగన్‌కి వెళ్ళి, ఏడాది తిరక్కుండా వెనక్కొచ్చి రేవు దగ్గర పీతలు అమ్ముకుంటోంది.

నోరీన్ బంతి ముప్పై ఏళ్ళుగా ఆ గోడలోనే ఉంది.

చదువయ్యాక ఒక్క ఏడాది సహాయకురాలిగా ఉందామని ఆగింది. ఆ ఏడాది ఇంకా అవలేదు. వేరే ఊళ్ళ నుంచి మూడు నాలుగుసార్లు పిలుపొచ్చింది. గోడ సంగతంతా ఉత్త పిచ్చి అని అందరితో అంటూనే, ప్రతిసారీ సంతకం పెట్టే ముందు ఆగిపోయింది. ఇప్పుడు పిలిచింది సాక్షాత్తూ వెక్స్‌లీ. చేతికింద ఇద్దరు సహాయకులు, వానకి చెరువైపోని మైదానం. ఆదివారంలోగా ఔనో కాదో చెప్పాలి.

ఈసారి నోరీన్ వెళ్ళాలనే అనుకుంది. అందుకు గోడ బంతి ఇవ్వాలి. ఇవ్వడానికి దానికి ఊపిరాడితే కదా!

రెండేళ్ళ కిందట పాత విద్యార్థుల సంఘం గోడకి కంచుపలక చేయించింది. తలుపంత పలక. విరాళాలిచ్చిన వాళ్ళ పేర్లన్నీ చెక్కించి, బంతులు తగిలే చోటే, నడిమధ్యన, బోల్టులతో బిగించారు. ఎంతో ప్రేమగా చేశారు. ఆ రోజు నుంచీ గోడ ఒక్క బంతి తీసుకోలేదు, ఒక్కటీ ఇవ్వలేదు. పిల్లలు పలకకి అటూ ఇటూ ఇరుకున నిలబడి సాధన చేస్తున్నారు.

బుధవారం ట్రూడీ హఫ్నాగెల్ మడతకుర్చీ చంకన పెట్టుకుని వచ్చింది. నోరీన్‌తో కలిసి ఆడిన మనిషి, ఇప్పుడు సంఘానికి అధ్యక్షురాలు. కుర్చీ వేసుకుని కూర్చుని, అడక్కుండానే మొదలుపెట్టింది.

"ఏమే నోరీన్, ఆ పొడుగుపిల్లని ముందుకి పంపవేం?"

"ఆ పొడుగుపిల్ల గోల్‌కీపరు."

"అయితే ఏం? మన రోజుల్లో అందరం అన్నీ ఆడేవాళ్ళం."

"అందుకే ఓడిపోయేవాళ్ళం. ట్రూడీ, ఆ పలక పక్కకి జరిపించమని ఎన్నిసార్లు అడిగాను?"

"పక్కకా? మధ్యనుంటేనే కదే అందరికీ కనిపించేది! ఆచారానికి అదో గౌరవం."

"ఆచారం చెయ్యడానికే చోటు లేకుండా చేశారు మీ గౌరవంతో."

ట్రూడీ గొంతు తగ్గించింది. "చూడు, నేను చెప్పక తప్పదు. శనివారం కూడా ఓడిపోతే సంఘం ఊరుకోదు. కొత్త కోచ్‌ని వెతకమంటారు. నాకూ ఇష్టం లేదనుకో."

"నీకు ఇష్టం లేనిది ఈ ఊళ్ళో ఏం జరిగిందే ఇప్పటిదాకా?" అని నోరీన్ పిల్లల వైపు తిరిగింది. "ఎడమచెయ్యి!"

శుక్రవారం సాయంత్రం గోడ ముందు జనం మూగారు. అందరివీ కాలేజీ రంగు ముదురెరుపు చొక్కాలు. పొట్టల దగ్గర బిగుసుకుపోయిన చొక్కాలు. ఆండ్రియా కూడా కట్టుడుపళ్ళతో నవ్వుతూ వచ్చింది. కెప్టెన్ బ్రిన్ ముందు నిలబడి ఎడమచేత్తో బంతి విసిరింది. ఠంగుమని పలకకి తగిలి, వంకరగా తిరిగొచ్చి, ఆ పిల్ల మోకాలి కింద ఎముక మీదే పడింది.

"అమ్మా!" అంటూ కూలబడింది బ్రిన్. తెల్లారితే ఆడాల్సిన కాలు.

జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విన్నాక నోరీన్‌కి ఓపిక అయిపోయింది. కొట్టులోకి వెళ్ళి పెద్ద పానా తెచ్చి మొదటి బోల్టుకి తగిలించింది.

"నోరీన్! ఏంటే అది? పలక ముట్టుకోకు!" ట్రూడీ కుర్చీలోంచి లేచింది.

"పక్కకి జరుగు. మీద పడుతుంది."

"దాని మీద నా పేరుందే!"

"చదువుకుంటావా పడేముందు?"

బోల్టులు తుప్పు పట్టాయి. నోరీన్ పళ్ళ బిగువున తిప్పింది, పానా మీద కాలేసి తొక్కింది. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ అడ్డమూ రాలేదు. ఆఖరి బోల్టు ఊడగానే పలక నెమ్మదిగా వంగి, పేర్లన్నీ కిందవైపుగా బురదలో పడుకుంది.

గోడ గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడైంది. వెంటనే ఒక బంతి. వెనక వరసలో చేతికర్ర పట్టుకుని నిలబడ్డ ముసలావిడ ఖాళీచేత్తో టక్కున పట్టేసి, "అబ్బ, వేడిగా ఉంది" అంది. తర్వాత ఇంకొకటి, మరొకటి. వచ్చిన ప్రతిదీ ఎవరిది వాళ్ళ దగ్గరికే, పేరు పెట్టి పిలిచినట్టు వెళ్ళింది. ఒకటి మాత్రం జనం తలల మీంచి వంపు తిరిగి, ట్రూడీ తెరిచి పెట్టుకున్న చేతిసంచీలో ధభీమని పడింది.

అందరూ అటు చూశారు. ట్రూడీ బంతి చదువైన రెండో ఏడే తిరిగొచ్చిందని, అది వాళ్ళ హాల్లో గాజుపెట్టెలో ఉంటుందని ఊరంతటికీ తెలుసు. వెళ్ళినవాళ్ళకల్లా చూపించేది.

"మరి గాజుపెట్టెలోది?" అని ఆండ్రియా అమాయకంగా అడిగింది.

"అది... హాల్లో అందంగా ఉంటుందని," అంది ట్రూడీ. సంచీ మూసేసి, కుర్చీ మడిచి చంకన పెట్టుకుంది.

బ్రిన్ కుంటుతూ లేచి మళ్ళీ విసిరింది. గోడ బుద్ధిగా తిరిగిచ్చింది. నర్సు చదువుకి షికాగో వెళ్ళాల్సిన పిల్ల, హమ్మయ్య అనుకుంది కాబోలు, పైకి మాత్రం నిరాశపడ్డట్టు ముఖం పెట్టింది.

నోరీన్ పానా పట్టుకుని అలాగే నిలబడింది. చీకటి పడింది, జనం కార్లెక్కి వెళ్ళిపోయారు. ఆమెకి ఏ బంతీ రాలేదు. గోడ దగ్గరికి వెళ్ళి ఇటుకల మీద అరచేత్తో చరిచింది. "ముసలిగోడా! అందరివీ ఇచ్చావు, నేనొక్కదాన్నే చేదా నీకు?"

పానా కొట్టులో పడేసి, తాళం వేసి వెళ్ళిపోయింది.

శనివారం ఒక్క గోలు తేడాతో ఓడిపోయారు. ఓడిన తీరు నోరీన్‌కి గొంతులో ముల్లులా దిగింది. లాక్రాస్‌లో గోలుకేసి కొట్టిన బంతి గురితప్పి వెనకగీత దాటిపోతే, దాటే క్షణంలో ఎవరు దగ్గరగా ఉంటే బంతి వాళ్ళ జట్టుదే. అందుకే కొట్టగానే బంతి వెంట పరుగెత్తాలి. ఆఖరి నిమిషంలో బ్రిన్ కొట్టింది, తప్పింది, వాచిన కాలు మీద నిలబడిపోయి చూసింది. వెక్స్‌లీ పిల్ల ఒకతె పరుగెత్తింది. ఆట అక్కడితో సరి.

"కోచ్, సారీ కోచ్," అని బ్రిన్ ఏడ్చింది.

"నీ తప్పేం లేదు. ఆ తప్పుని రెండేళ్ళ కిందటే కంచులో పోసి గోడకి బిగించారు. వెళ్ళి కాలు మీద ఐసు పెట్టుకో."

మైదానం ఖాళీ అవుతుంటే ట్రూడీ వచ్చింది. ఈసారి కుర్చీ లేదు.

"సంఘంతో మాట్లాడాను. నిన్ను తీసేది లేదు. ఇంకో మూడేళ్ళు నువ్వే."

"ఓడిపోయాం కదే!"

"అయితేనేం? నువ్వు మన మనిషివి. మనవాళ్ళని మనం వదులుకోం."

ముప్పై ఏళ్ళుగా ఈ మాటే. గెలిచినా వదలరు, ఓడినా వదలరు, సామాను కొనమంటే కొనరు. నోరీన్ చేతిలోని మైదానంలో హద్దులకి పెట్టే నారింజరంగు ప్లాస్టిక్ గురుతుల దొంతర వంక చూసుకుంది. సగం పగిలినవే.

"వద్దు ట్రూడీ. నేను వెక్స్‌లీకి వెళ్తున్నాను."

ట్రూడీ చెంపదెబ్బ తిన్నట్టు చూసింది. "వెక్స్‌లీయా? ఆకుపచ్చ చొక్కా తొడుగుతావా నువ్వు? నీ బంతి ఇంకా లోపలే ఉందే!"

"ఉండనీ. ఉంచుకోమను. నాకక్కర్లేదు."

"మళ్ళీ వచ్చేస్తావు, చూసుకో."

"వస్తే పీతలమ్ముకుంటాను."

ట్రూడీ వెళ్ళిపోయింది. నోరీన్ గోడ వైపు చూడను కూడా చూడకుండా మిగిలిన గురుతులు ఏరడం మొదలుపెట్టింది. కుడిచంకలో దొంతర, కుడిచేతిలో నీళ్ళసీసాల బుట్ట. గోడ ముందు నుంచి సాగిపోతుంటే చెవి పక్కన గాలి చీలింది. ఖాళీగా ఉన్నది ఎడమచెయ్యి ఒక్కటే. అది తనంతట తనే లేచింది.

అరచెయ్యి భగ్గున మండింది. బుట్ట జారిపడింది. రంగు వెలిసిన పసుపుపచ్చ బంతి, మీద ఆనాటి పెన్నుతో రాసుకున్న తన పొట్టిపేరు. నోరీన్ వేళ్ళు విదిలించుకుంది, కంట్లో నీళ్ళొచ్చాయి, నొప్పికే. ఎంత గట్టిగా విసిరేదాన్ని, అనుకుంది. ఇరవై రెండేళ్ళప్పుడు ఇంత బలం ఉండేదా నాకు! ఇదంతా పోసి ఒక్క గోడకి కొట్టానా!

బంతి జేబులో వేసుకుంది. కార్లో కూర్చుని, మండుతున్న చేత్తోనే వెక్స్‌లీకి ఫోన్ చేసింది.

మరుసటి ఏప్రిల్లో వెక్స్‌లీ బస్సు ప్రూయిట్ మైదానం పక్కన ఆగింది. ఆకుపచ్చ కోటుతో నోరీన్ దిగగానే ముదురెరుపు చొక్కాలన్నీ ఒక్క గొంతుతో ఎద్దేవా చేశాయి. "రంగు నప్పలేదే!" అని ట్రూడీ కేకేసింది.

"కొత్త పలక ఎక్కడ పెట్టారు?" అని నోరీన్ అరిచింది.

"గేటు దగ్గర! ఎవరికీ కనబడదు! సంతోషమా?"

నోరీన్ పిల్లలు ఒళ్ళు వేడెక్కడానికి గోడ ముందు వరస కట్టారు. చివర్లో కోరిన్ అనే మొదటి సంవత్సరం పిల్ల. మంచి ఎడమచెయ్యి, మొండిఘటం, కోచ్ మాటకి ఎదురుమాట తప్ప ఇంకోటి చెప్పదు. ఎడమచేత్తో బలంగా విసిరి, వల ఎత్తి పట్టుకుని ఎదురుచూసింది. బంతి రాలేదు.

"కోచ్? నా బంతేది?"

ప్రూయిట్ వైపు నుంచి చప్పట్లు మొదలయ్యాయి. పెళ్ళిలో కొట్టినట్టు కొట్టారు. ట్రూడీ కుర్చీ ఒక చేత్తో, పీతవడ పెట్టిన కాగితపు పళ్ళెం మరో చేత్తో పట్టుకుని, తమ సొంత మైదానంలో నడిచినట్టు, ఆ మాటకొస్తే అది వాళ్ళదే, నేరుగా కోరిన్ వైపు నడిచి రాసాగింది. నవ్వు ముఖమంతా ఉంది.

"ఆవిడెందుకు నా వైపు వస్తోంది?" అంది కోరిన్.

నోరీన్ సంచీలోంచి ఇంకో బంతి తీసి ఆ పిల్ల వలలో వేసింది.

"అది వస్తుందిలే."

"ఎప్పుడు?"

ట్రూడీ అప్పటికే కుర్చీ విప్పి, కూర్చోమన్నట్టు ఆ పిల్లకి చూపిస్తోంది.

"ముందు ఎడమచేత్తో పట్టడం నేర్చుకో," అంది నోరీన్.