హాగరును ఎవరూ అడగలేదు

గ్రేస్ చాటలో బియ్యం చెరుగుతుంటే అత్త సారమ్మ వచ్చి గడప మీద కూచుంది.

"నా పేరు గల్ల తల్లి శారా బైబిల్ల ఏం జేసింది బిడ్డా? కడుపు పండలేదని ఏడ్సుకుంట కూసున్నదా? తన దాసిని తానే పెనిమిటికిచ్చింది." ఆమె గొంతులో కోపం లేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది. "రూప ఇంట్లనే ఉన్నది. నా తమ్ముని బిడ్డె, యోహానుకు వరసే. బయటోళ్లకు తెల్వది. పుట్టినోడు నిన్నే అమ్మా అంటడు."

చాట ఆగిపోయింది. గ్రేస్ ఆ ఇంటికొచ్చి పదమూడేండ్లు. మానుకోట దవాఖాన చుట్టూ ఎన్నేండ్లు తిరిగిందో, ఎన్ని సూదులు పొడిపించుకుందో. పాస్టరు పిల్లల్లేక ఏడ్చిన హన్నా పేరెత్తగానే సంఘమంతా తనవైపు తిరగడం అలవాటైపోయింది. హన్నా, రాహేలు, ఎలీసబెతు, అందరి కన్నీళ్లూ కొడుకు పుట్టాకే ఆరుతాయి. పుట్టనే పుట్టకపోతే ఆ ఆడది ఏమైందో వాక్యంలో ఎక్కడ వెతకాలి? అంగన్‌వాడీలో ఇరవైమంది పిల్లలకు తినిపించి, మూతులు తుడిచి ఇంటికొస్తుంటే, దారిలో "ఇంకేం లేదా గ్రేసక్కా?" అని అడుగుతారు.

సాయంత్రం భర్తను అడిగింది. యోహాను ఫోన్లోంచి తలెత్తలేదు. "నాకేమన్న సరదానా? అమ్మ మాట కొట్టెయ్యలేక ఊకున్న." అతని పెదవుల మీద కొత్త పెళ్లికొడుకు సిగ్గు సన్నగా కనబడింది. ఆ సిగ్గు చూశాక ఆమెకు అన్నం దిగలేదు.

సండే స్కూల్ పిల్లలకు ఆ శారా కథ ఎన్నిసార్లు చెప్పిందో! ఎప్పుడూ శారా వైపు నుంచే, ఆమె గుడారంలో నిలబడే చెప్పింది. ఆ దాసి హాగరును ఎవరూ అడగలేదు. ఇచ్చేశారంతే. కడుపైతే బాధలు పెట్టారు. కొడుకు కాస్త పెరిగాక రొట్టె, నీళ్ల తిత్తి భుజాన పెట్టి ఎడారిలోకి తోలేశారు. ఆ భార్యాభర్తలు ఒక్కసారైనా ఆమెను పేరుతో పిలిచినట్టు గ్రేస్‌కు గుర్తులేదు. వాళ్లకామె దాసి. పేరుపెట్టి పిలిచింది ఎడారిలో దేవదూతే. ఇదంతా తెలిసీ, అత్త అన్నప్పుడు ఒక్క క్షణం తన ఒళ్లో పసివాణ్ని చూసుకుంది. రూప కడుపు, తన ఒడి. ఆ ఆశ తనలోనూ పుట్టింది.

రూప ఆ ఇంటికి తొమ్మిదేండ్లప్పుడు వచ్చింది, అమ్మా నాయినా పోయాక. గ్రేసే పేన్లు తీసింది, పెద్దమనిషైన రోజు పక్కన కూచుంది, డిగ్రీ దాకా చదివించింది.

మర్నాడు పొద్దున బట్టల రాయి దగ్గర మెల్లగా అడిగింది. "అత్త నీతోని ఏమన్న అన్నదా?"

రూప పిండుతున్న చీర వదల్లేదు. "నెలైతాంది."

"నువ్వేమన్నవ్?"

"నన్నెవరడిగిండ్రక్కా? చెప్పిండ్రు." అప్పుడు తలెత్తింది. "నువ్వు ఒప్పుకున్నవన్నది అత్త. అప్పటికెల్లి గొళ్లెం పెట్టుకోని పంటున్న."

నెల రోజులు ఈ పిల్ల తను వడ్డించిన అన్నం తింటూ, తనకు భయపడుతూ బతికింది.

"నేను ఒప్పుకోలే బిడ్డా," అంది గ్రేస్. "నీకేం గావాలె?"

"సదువుకుంట. బీఈడీ."

మానుకోటలో ఆడపిల్లల హాస్టల్ నడిపే అండాలుకు అప్పటికప్పుడే ఫోన్ చేసింది. గంటలో రూప బట్టలు, సర్టిఫికెట్లు సంచిలో సర్ది బయల్దేరారు. సారమ్మ వాకిలికి అడ్డం నిలబడింది.

"యాడికి తీస్కపోతున్నవ్? నా కొడుకు వంశం ఏం గావాలె?"

వెనక నుంచి యోహాను, "ఇంటి ముచ్చట బజార్ల పెడ్తవా గ్రేస్?" అన్నాడు.

గ్రేస్ రూప చెయ్యి పట్టుకుంది.

"పన్నెండేండ్లు పెంచిన పిల్ల ఇది. బిడ్డను అల్లునికిస్తరు అత్తా, మొగనికియ్యరు."