కొంకిగాడి వీపు

నాకు ముక్కు మీద కోపం. బొమ్మలేసేవాళ్లెవరూ నా దగ్గర రెండు పుస్తకాలకు మించి నిలవలేదు. పెన్సిల్ ఒక్కడే నోరెత్తకుండా గీస్తాడని విని, పిల్లల కామిక్ పుస్తకానికి వాణ్ణి కలుపుకున్నాను. కథ నాది, బొమ్మలు వాడివి. వాడికి అదే మొదటి పుస్తకం. చెవి వెనక ఎప్పుడూ ఓ పెన్సిల్ ఉంటుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. వాడు నన్ను అక్కా అంటాడు. ప్రతి గురువారం వాళ్లింటి ముందు గదిలో కూర్చుని పాత్రల రూపురేఖలు తేల్చేవాళ్లం.

దొంగ పాత్ర వంతు వచ్చిన రోజు నేను మంచి ఊపు మీద ఉన్నాను. గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పుకుపోయాను.

"పేరు కొంకిగాడు. ఎడమ భుజం కిందికి జారాలి. ఆ చేతి వేళ్లు లోపలికి ముడుచుకుపోవాలి. కాలు ఈడ్చుకుంటూ నడవాలి. దొంగతనం ఒంటిచేత్తోనే, అందుకని ఏ ఇంటికైనా రెండుసార్లు వస్తాడు. ఒకసారి గిన్నెకి, ఇంకోసారి దాని మూతకి! పిల్లలు పడీపడీ నవ్వాలి."

వాడి పెన్సిల్ ఆగింది. "చెయ్యి కూడా అలాగే ఉండాలా అక్కా?"

"ఉండాలి. అదేగా అసలు సంగతి! ఇంత మంచి పాత్ర నాకు ఇన్నేళ్లలో తట్టలేదు."

వాడు తలొంచుకుని గీశాడు. ముందు నుంచి, పక్క నుంచి వేసినవి అదిరిపోయాయి. వెనక నుంచి వేసిందే తేలిపోయింది. "ఏంట్రా ఈ వీపు? దండెం మీద చొక్కా ఆరేసినట్టుంది. ఎవరినైనా నిలబెట్టి, చూసి గీయి" అని కసిరాను. మరుసటి గురువారానికి ఆ వీపులో ప్రాణం వచ్చింది. సరేనని కింద సంతకం పెట్టాను. సంపాదకుడైతే కాగితం చూసి కుర్చీలోంచి లేచాడు. ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావమ్మా వీణ్ణి, అని అడిగితే, నా బుర్రలోంచి, అని గొప్పలు పోయాను.

ఆ ఇంట్లో టీ గ్లాసులు ఎప్పుడూ విడివిడిగా వచ్చేవి. ముందు నాది, నేను సగం తాగాక పెన్సిల్‌ది. తెచ్చేది వాళ్ల నాన్న. నేను కాగితాల్లోంచి తలెత్తేదాన్ని కాదు. "అక్కడ పెట్టండి" అనేదాన్ని, అంతే. కొంకిగాడు తయారైనప్పటి నుంచి పెన్సిలే లోపలికి వెళ్లి రెండు గ్లాసులూ ఒకేసారి తెస్తున్నాడు. "హమ్మయ్య, ఇన్నాళ్లకి కలిసి తాగుతున్నాం" అని వాణ్ణి మెచ్చుకున్నాను కూడా.

అచ్చుకి ఇవ్వడానికి ఇంకొక్క రోజు ఉందనగా, చేతికి సిరా అంటితే కడుక్కుందామని వాళ్ల వంటింట్లోకి వెళ్లాను. పంపు దగ్గర వాళ్ల నాన్న అటు తిరిగి గ్లాసు కడుగుతున్నారు. నాకు ముందు కనబడింది వీపే. జారిన భుజం, ఒక పక్కకి లాగేసిన చొక్కా మడతలు, వాలిన మెడ. నేను సంతకం పెట్టిన వీపు.

ఆయన ఇటు తిరిగారు. ముడుచుకుపోయిన ఎడమ చేతిని గబగబా తువ్వాలు కింద దాచుకున్నారు. "నువ్వెందుకమ్మా లేచావు? ఏం కావాలన్నా అబ్బాయి తెస్తాడుగా" అన్నారు.

చెయ్యి కడుక్కోకుండానే ముందు గదిలోకి వచ్చేశాను.

"మీ నాన్నగారికి..."

"పక్షవాతం. నాలుగేళ్లయింది."

"మరి ఆ రోజే నా మొహం మీద చెప్పొచ్చుగా!"

పెన్సిల్ ఖాళీ కాగితాన్ని రబ్బరుతో రుద్దుతున్నాడు. "మొదట నువ్వు కావాలనే అంటున్నావనుకున్నా. తర్వాత తెలిసింది, నువ్వసలు నాన్నని చూళ్లేదని. రెండిట్లో ఏది నయమో నాకు తెలీలేదక్కా."

"ఆ వీపు?"

"నేను అడగలేదు. నువ్వు తిట్టడం నాన్న లోపల్నుంచి విన్నాడు. నువ్వెళ్లాక వచ్చి బొమ్మలన్నీ చూశాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. గంటసేపు."

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడాదిగా ప్రతి గురువారం నా ముందు గ్లాసు పెట్టి వెళ్లిన మనిషి. కాగితాల మీదుగా కంటికి తగిలిన ఆయన చెయ్యి గుర్తుంది, నడక గుర్తుంది, రెండుసార్లు రావడం గుర్తుంది. మొహం ఎలా ఉంటుందంటే మాత్రం ఇవాళ్టి దాకా చెప్పలేకపోయేదాన్ని. ఛీ, ఇదా నా బుర్ర!

"చింపెయ్. సంపాదకుడి కాళ్లయినా పట్టుకుంటాను. కొత్తవాణ్ణి గీద్దాం" అంటూ కాగితం లాక్కోబోయాను.

"వద్దమ్మా." గుమ్మంలో ఆయన. కుడి చేతిలో ఒక గ్లాసు. కాలు ఈడ్చుకుంటూ వచ్చి దాన్ని నా ముందు పెట్టారు. "వాడికిది మొదటి పుస్తకం. నా మూలాన ఆగకూడదు. కానీ ఒక్కటి అడగనా? ఆ కొంకిగాడు చివరికైనా మంచివాడవుతాడా?"

చివరి పేజీలు నా సంచిలో ఉన్నాయి. అందులో పిల్లలందరూ కలిసి వాణ్ణి బురదగుంటలోకి తోసి చప్పట్లు కొడతారు.

"అవుతాడు బాబాయ్" అన్నాను. ఆయన్ని ఒక వరస పెట్టి పిలవడం అదే మొదటిసారి. అదీ అబద్ధం చెప్పడానికి.

"పోన్లే" అన్నారు. ఆయన మొహం విప్పారింది. రెండో గ్లాసు కోసం వెనక్కి తిరిగారు.

నేను గభాలున లేచాను. "మీరుండండి, నేను తెస్తాను."

"కూర్చో తల్లీ, రెండుసార్లు తిరగడం నాకు అలవాటే" అని ఆయన నవ్వారు. "నువ్వే రాశావుగా."