తట్టలో రాతి గుడ్డు

నేను ఒక రాయిని. గుడిమెట్టునీ కాను, పొలం గట్టున సరిహద్దు రాయినీ కాను. తాండవ ఏటి నీళ్ళు నన్ను ఎన్నేళ్ళు దొర్లించాయో నాకే తెలియదు. మూలలన్నీ అరిగిపోయి తెల్లగా, నున్నగా, ఒక కొస సన్నంగా, ఒక కొస లావుగా తేలాను. ఒక పక్కన మాత్రం పసుపు చార ఒకటి ఉండిపోయింది. ఏరు కూడా దాన్ని అరగదీయలేకపోయింది.

ఏట్లోంచి నన్ను తీసింది చింతపండు అమ్మే గంగాలమ్మ. ఆమె తక్కెడ ఒకవైపు తేలికగా ఉండేది. సరిచేయడానికి పాసంగంగా నన్ను కట్టింది. సరిచేసిన మాట నిజమే, కాస్త ఎక్కువే సరిచేసింది. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి, ఈ చింతపండు ఇంత తొందరగా అయిపోతుందేంటని వాళ్ళలో వాళ్ళే దెబ్బలాడుకునేవాళ్ళు. కరెంటు కాటా వచ్చాక నా ఉద్యోగం పోయింది. పెరట్లో పడి ఉన్న నన్ను ఆమె మేనకోడలు నూకరత్నం చూసింది.

"అత్తా, అచ్చం గుడ్డులా ఉందే ఇది! నాకిచ్చెయ్యవా?"

"తీసుకుపోవే. దాని పాపం నీకు చుట్టుకుంటే మాత్రం నాకు చెప్పకు."

నూకరత్నం పెరట్లో ఆరు పెట్టలు. కొత్తగా గుడ్డుకొచ్చినవి దడి దూరి పక్కింటి గడ్డివాములో పెట్టి వచ్చేవి. పక్కింట్లో రోజూ గుడ్డట్టు వాసన. అందుకని వరిగడ్డి పరిచిన తట్టలో నన్ను కూచోబెట్టింది. పెట్టలు వచ్చి, మెడ వంచి నన్ను చూసి, ఎవరో ముందే పెట్టారు కదా అన్న ధైర్యంతో అక్కడే పెట్టేవి. మనుషులు నవ్వనక్కర్లేదు. నలుగురు కూచున్న టీకొట్టు దగ్గరకే ఐదోవాడూ వెళ్తాడు.

ఆ ఆరింటిలో ఎర్ర ఈకల డేగ పెట్ట నూకరత్నానికి ప్రాణం. అది పిల్లగా ఉన్నప్పుడు పుట్టింటి నుంచి చీరకొంగులో వేసుకొచ్చింది. దానికి వేరే తట్ట. దాని గుడ్లు తెల్లగా, పెద్దగా నాలాగే ఉండేవి. మిగతావి పెట్టేవి నిమ్మకాయంత. అలాంటి డేగ ఆ యేడు వానలు తగ్గగానే ఎర్రటి ఈకలన్నీ పెరడంతా రాల్చుకుని, పీకిన చీపురులా తయారైంది. గుడ్డు మానేసింది.

నూకరత్నం మొగుడు సింహాద్రి మాటలు తక్కువ మనిషి. ఆడినవాటిలో సగం ఎద్దులతోనే. ఆ సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు.

"ఏమే, ఆదివారం బావ వస్తున్నాడు. ఆ డేగని కూరలోకి చూడు. ఊరికే నూకలు తింటోంది."

"కొత్త ఈకలొస్తే మళ్ళీ పెడతాదయ్యా."

"ఎప్పుడూ, నేను ముసలాణ్ణయ్యాకా?"

"ఇప్పుడేదో కుర్రాడివైనట్టు!"

అతను కాళ్ళు తుడుచుకుని ఎద్దులకి గడ్డి వెయ్యడానికి పోయాడు. అతను మాట్లాడకపోతే ఆ మాట ఖాయమైనట్టే. ఆ సంగతి ఆమెకి తెలుసు.

మర్నాడు నూకరత్నం నన్ను తీసుకెళ్ళి డేగ తట్టలో పెట్టింది, పసుపు చార అడుక్కి వచ్చేలా. సాయంత్రం తట్ట వంచి దూరం నుంచే చూపించింది.

"చూశావా, పెట్టింది!"

"అరుపు వినపళ్ళేదే?"

"పెద్దది కదయ్యా, గొంతు పోయింది."

"నీకు పోలేదేం?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇలా రోజూ నేను గుడ్డునై పుట్టేవాణ్ణి. శనివారం మధ్యాహ్నం ఆమె బోరింగు దగ్గర నీళ్ళకి నిలబడి ఉండగా, సింహాద్రి పెరట్లోకి వచ్చాడు. తిన్నగా డేగ తట్ట దగ్గర గొంతుక్కూచుని నన్ను తీశాడు. అయిపోయింది, రేపు డేగ కూరలోకి, నేను తుప్పల్లోకి అనుకున్నాను. అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు. బొటనవేలితో పసుపు చార రుద్దాడు. ఆ పొద్దున తొందరలో నూకరత్నం చార పైకి ఉండేలా పెట్టేసింది. తట్ట అంచున పడుకున్న డేగ అతన్ని చూసి కదలను కూడా లేదు. సింహాద్రి నన్ను మళ్ళీ గడ్డిలో పెట్టాడు, చార అడుక్కి తిప్పి. పైన నాలుగు గడ్డిపరకలు కప్పి మరీ వెళ్ళాడు.

ఆదివారం బావగారు వచ్చి గాలి పీల్చారు.

"సింహాద్రీ, కోడి వాసన రావట్లేదేంట్రా?"

"పెట్టే కోడిని ఎలా కోస్తాం బావా? చేపలు తెచ్చాను, కూచో."

పొయ్యి దగ్గర నూకరత్నం తన తెలివికి తనే మురిసిపోయి, పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. బావగారు ఇంకో చెంబు మంచినీళ్ళు అడిగారు.

మాఘంలో డేగకి కొత్త ఈకలొచ్చాయి, ఎండలో రాగి చెంబులా మెరిసేవి. ఒక పొద్దున నా పక్కన ఏదో వెచ్చగా తగిలింది. తరువాత వీధంతా వినబడేలా డేగ అరిచింది. గొంతుకేమీ కాలేదు. నూకరత్నం పరిగెత్తుకొచ్చేసరికి సింహాద్రి ముందే వచ్చి తట్ట మీదకి వంగి ఉన్నాడు.

"ఏమే, నీ డేగ ఇవాళ రెండు పెట్టిందే!"

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఒకటి కాస్త బరువుగా ఉంది," అన్నాడతను నన్ను ఆమె చేతిలో పెడుతూ. "ఉడికించి నువ్వే తిను."

నూకరత్నం రెండో చేతిలో చీపురు ఉంది. దాన్ని ఎత్తిందే గానీ, నవ్వు ఆగక దింపేసింది.

చింతపండు కొన్నవాళ్ళు నన్ను నమ్మారు, పెట్టలు నమ్మాయి. నన్ను నమ్మనివాడు ఒక్కడే. ఇప్పుడు కొత్త పెట్టల తట్టలోకి తిరిగొచ్చాను. పొలానికి వెళ్తూ అతను ఒక్కోసారి ఆగి, నన్ను చార అడుక్కి తిప్పి పోతుంటాడు.