వేరుగా అడిగిన మాట

పై చేసేది కెజాయా, పైచెయ్యి మొగుడు ఆల్ఫియస్‌ది, పైపెచ్చు పైలో దాల్చినచెక్క తగ్గిందని వంకపెట్టేది అత్తగారు. ఆ రోజూ కెజాయా ఆపిల్ పై అనే తీపి రొట్టె కోసం పిండి వత్తుతోంది. జడ్జి ప్రూయిన్ గారు వస్తున్నారు. వాళ్ల పొలం కొనబోయే క్రాంక్ అప్పుడే వచ్చేశాడు. ముందుగదిలో ఉన్నవాటిలో మంచి కుర్చీ చూసుకుని కూర్చుని, అది కూడా బేరంలో కలిసొస్తుందా అన్నట్టు దాని చేతులు తడుముతున్నాడు.

అత్తగారి పేరు సబ్మిట్. లొంగి ఉండు అని అర్థం. ఆవిడ పుట్టిన ఊళ్లో ఆడపిల్లలకు అలాంటి పేర్లే పెట్టేవారు. ఆవిడ పేరు తన దగ్గర ఉంచుకుని, అర్థం మాత్రం కోడలికి దానం చేసేసింది.

"పిండి అంత చితక్కొట్టకు అమ్మాయ్. దాని మీద కోపమా, నా కొడుకు మీదా?"

"పిండి మీదే అత్తయ్యా. అదైతే తిరిగి అనదు."

పడవలు నడిచే పెద్ద కాలువ తవ్వినప్పటి నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో మగాళ్లకు కాలు ఒకచోట నిలవడం లేదు. పడవ ఎక్కితే చాలు, పడమర పిలుస్తుంది. ఆల్ఫియస్‌కి ఉన్నది అమ్ముకుని మిషిగన్ పోవాలన్న జ్వరం పట్టుకుంది. "అక్కడి నేల బొగ్గు నలుపటే! చెంచా పాతితే గరిటె మొలుస్తుందట!" అని రోజూ భోజనం దగ్గర పాఠం. మొలిచిన గరిటె తిప్పేదెవరో కెజాయాకి తెలుసు. జ్వరం ఆయనకి, వణుకు తనకి.

ఇది వాళ్లకు మూడో పొలం. మొదటిదాంట్లో దుంగల గుడిసెకు మట్టి మెత్తింది, బూడిదనీళ్లతో సబ్బు కాచింది, ఆపిల్ మొక్కలు నాటింది. అవి పూతకొచ్చేసరికి బండి కట్టారు. రెండోదాంట్లో మళ్లీ అదే మట్టి, అదే బూడిద. పైగా కంచె మూల ఒక చిన్న సమాధి, తన రెండేళ్ల కొడుకుది. కొన్నవాడు ఆ మూల కూడా దున్ని మొక్కజొన్న వేశాడని తర్వాతెవరో చెబితే, ఆల్ఫియస్ రొట్టె నములుతూ, "గట్టి రైతే. జానెడు నేల వదల్లేదు" అన్నాడు. ఆయన మనసులో ఏమీ లేదు. కెజాయాని కోసింది అదే, ఏమీ లేకపోవడం. ఇక ఈ పొలంలో చీజ్ గదికి సున్నం వేసింది తను, పాలు విరిచేది తను, రాయంత చీజ్ ముద్దలను రోజూ తిరగేసి వెన్న రాసేది తను. అవి పడవ మీద ఆల్బనీ పట్నం దాకా పోతాయి. మీద ముద్ర మాత్రం మొగుడి పేరు, 'ఏ. టటిల్'. ఆ ఏ. టటిల్‌కి ఆవు ఏ పక్కన కూర్చుని పాలు పితకాలో కూడా తెలీదు. తన్నించుకున్న పక్కే గుర్తు. అన్నిటికీ మించి, కూతురు ఎలెక్టా రెండు పొలాల అవతలే కాపురం పెట్టింది. నెలలు నిండుతున్నాయి. పురిటికి అమ్మ ఉంటుందన్న ధైర్యంతో నవ్వుతూ తిరుగుతోంది పిచ్చిపిల్ల.

జడ్జిగారు వచ్చి దస్తావేజు పరిచారు. భర్త పోతే అతని భూమిలో మూడోవంతు మీద భార్యకు బతికినంతకాలం హక్కుంటుంది. ఆవిడ ఇష్టపడి వదులుకుంటేనే క్రాంక్ కొంటాడు. ఇష్టమో కాదో జడ్జి ఆమెను భర్త లేని చోట వేరుగా అడిగి తెలుసుకోవాలి.

"వేరుగా ఎందుకండీ? మా ఇద్దరిదీ ఒకటే మాట," అన్నాడు ఆల్ఫియస్.

"చట్టానికి మొగుడూ పెళ్లాం ఒక్కరేనయ్యా, ఆ ఒక్కరూ నువ్వే. ఈ కాసేపు మాత్రం ఇద్దరు. తప్పదు. వంటగదిలో అడుగుతా."

"జాగ్రత్తండోయ్! అది నోరు విప్పితే చీకటి పడిపోద్ది!"

ముగ్గురు మగాళ్లూ నవ్వారు. వంటగదిలోంచి లేచి వెళ్తూ అత్తగారు కోడలి చెవి దగ్గర ఆగింది. "పెన్సిల్వేనియాలో నన్నూ ఇలాగే అడిగారు. అవునంటే అయిపోతుంది." గడప దగ్గర ఇంకో క్షణం నిలబడింది. "కాదంటే ఏమవుతుందో నాకూ తెలీదే. ఆ మాట ఎవరూ అని చూళ్లేదు."

తలుపు మూసుకుంది. తన ఇంట్లో ఆల్ఫియస్‌ని బయటపెట్టి తలుపు వేయడం, తన మాట వినడానికి ఒకరు లోపల కూర్చోవడం! అటువైపు ఆయన బూట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

జడ్జిగారు పై ముక్క నోట్లో పెట్టుకుని, కలం కాగితం మీద ఆనించి గుక్కతిప్పుకోకుండా అడిగారు: "అమ్మా, నీ భర్త వల్ల భయంగానీ బలవంతంగానీ లేకుండా, నీ ఇష్టపూర్వకంగా సంతకం చేస్తున్నావు కదా?"

వెనకటి రెండు పొలాలు అమ్మినప్పుడూ ఇదే ప్రశ్న. రెండుసార్లూ ప్రశ్న పూర్తవకముందే అవునండీ అనేసింది. భయం లేదని చెప్పడానికి కాస్త భయం ఉంటే చాలు. భయం ఉందని చెప్పడానికే బోలెడు ధైర్యం కావాలి.

"మళ్లీ అడగండి," అంది కెజాయా. "ఈసారి నా జవాబుకి చోటుంచి అడగండి."

ఆయన నమలడం ఆపారు. మెల్లగా, ఒక్కో మాటా విడదీసి అడిగారు.

"నాకిష్టం లేదండీ. నేను సంతకం చెయ్యను."

తలుపవతల బూట్లు ఆగాయి. జడ్జిగారు కలం పక్కన పెట్టి ముందుకు వంగారు. గొంతు తగ్గింది.

"బాగా ఆలోచించుకో తల్లీ. నేను కాసేపట్లో గుర్రమెక్కి వెళ్లిపోతా. ఆ తర్వాత నువ్వు ఇక్కడే, ఈ ఇంట్లోనే, ఆయనతోనే ఉండాలి."

ఆయన చెప్పింది నిజమే. అయినా కెజాయా లేచి తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"ఇక్కడే ఉండాలనేనండీ, నేను కాదన్నది."

తలుపు తీసింది. ఆల్ఫియస్ సిరాలో ముంచిన కలం ఆమెకేసి చాచి నిలబడి ఉన్నాడు. కెజాయా రెండు చేతులూ ఏప్రన్ కింద పెట్టుకుంది.