బోర్డు పోయిందన్నారు

నేను ఒక మదర్‌బోర్డును. కంప్యూటర్ పెట్టె పక్కరేకు విప్పితే కనబడే ఆకుపచ్చ పలకను. ప్రాసెసర్, మెమరీ, తెర, కెమెరా అన్నీ నాకే తగులుకొని ఉంటాయి. ఒకరి సంగతి ఇంకొకరికి చేరాలంటే నా మీదుగానే పోవాలి. పనంతా చేసేది ప్రాసెసరేనని లోకం నమ్మకం. నాకు మాత్రం తల్లి పేరు పెట్టారు. ఇంట్లో ఏది చెడినా ముందు తల్లిని నిలదీసే మనుషులు ఆ అలవాటును నా దాకా తేవడంలో వింతేమీ లేదు.

నేను పుట్టిన కర్మాగారంలో నన్ను చివరిగా పరీక్షించినది ఒక ఆడమనిషి. భూతద్దం కింద నా ప్రతి అతుకునూ చూసి, కళ్ళు నులుముకొని, తర్వాతి బోర్డును అందుకుంది. నా మీద అచ్చయిన పేరు ఆమెది కాదు, కంపెనీది. అక్కడినుంచి ప్రొద్దుటూరులో ఒక ఫొటో స్టూడియో చేరి, నాలుగేళ్ళు పెళ్ళికూతుళ్ళ ముఖాలకు తెలుపు పూశాను. ఒక్క పెళ్ళికొడుక్కయినా ఆ అవసరం పడినట్టు నాకు గుర్తులేదు.

స్టూడియోవారు కొత్త యంత్రం కొనుక్కొని నన్ను మార్గరెట్ టీచరుకు ఇచ్చేశారు. బధిరుల పాఠశాలలో ముప్పై నాలుగేళ్ళు చదువు చెప్పిన మనిషి ఆమె. ఉద్యోగ విరమణ తర్వాత తన ఇంటి ముందుగదిలో, చెవులు వినబడనివారి తరఫున అర్జీలు రాసే కేంద్రం నడుపుతోంది. ఆమె ఇచ్చినన్ని అర్జీలు మోసి అలసిపోయాను. జవాబులు వచ్చి ఉంటే ఇంత అలసట ఉండేది కాదేమో.

ఓబుళమ్మ సంగతి ఆ గదిలోనే విన్నాను. పుట్టుకతో చెవిటిది, దుస్తుల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు కుట్టుపని చేసింది. గుడ్డ దొంగిలించిందని సూపర్‌వైజరు నింద వేసి, పనిలోనుంచి తీసేశాడు. టీచరు రాసిన అర్జీమీద కార్మికశాఖ విచారణాధికారి వేరే ఊరినుంచి వీడియోలో విచారించారు. ఆమె సైగలను తెలుగులో చెప్పే దుబాసీ ఆయన పక్కన కూర్చున్నాడు. మార్గరెట్ టీచరు అర్జీదారు పక్షం మనిషి గనుక సైగలకు ఆమె చెప్పే అర్థం చెల్లదట.

ఆ రోజు ఓబుళమ్మ చేతులు వడివడిగా కదిలాయి. నాలో ఉన్న పాత ప్రాసెసర్ ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. ఆమె ఇక్కడ చెబుతూనే ఉంది. అక్కడి తెరమీద మాత్రం చేతులు గాలిలో నిలిచిపోయాయి. అధికారి కొంతసేపు చూసి, "నిందకు సమాధానం లేదు, మౌనంగా ఉన్నారు" అని రాయించారు. టీచరు పోట్లాడి ఇంకొక్క అవకాశం తెచ్చింది. అదే ఆఖరుది, మూడు రోజుల్లో, ఇదే కేంద్రంనుంచి.

కంప్యూటర్లు బాగుచేసే దస్తగిరి వచ్చి చూశాడు. "బోర్డు గట్టిదే టీచరమ్మా. దీన్నే పెట్టుకొని ప్రాసెసర్ ఒక్కటి పెద్దది వేస్తే సాలు" అన్నాడు. నా గురించి ఎవరైనా మంచిమాట అనడం అదే మొదలు. విచారణకు ముందురోజు పొద్దున కొత్త ప్రాసెసర్ తెచ్చాడు. పాతదాన్ని ఒక్క గుంజు గుంజాడు. ఎండిన పేస్టుతో ఫ్యానుకు అతుక్కుపోయి ఉన్న ఆ ముసలిది, అడుగున ఉండే సన్నని కాళ్ళు వంకరపోయి ఊడివచ్చింది. కొత్తదాన్ని కూర్చోబెట్టి స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది.

నేను పుట్టేనాటికి ఆ కొత్తది ఇంకా పుట్టలేదు. ఎవరెవరిని గుర్తుపట్టాలో చెప్పే జాబితా ఒకటి నాలో ఉంటుంది, బయాస్ అంటారు. పాత ప్రాసెసర్ నాలో ఉండగానే ఆ జాబితాను తాజా చేయాలి. దస్తగిరి ఆ సంగతి మరిచాడు. చెబుదామంటే, ప్రాసెసర్ మేలుకోనిదే నాకు నోరు లేదు.

మూడుసార్లు ప్రయత్నించి చేతులు దులుపుకున్నాడు. "బోర్డు పోయింది టీచరమ్మా. ఇంగ దీంట్లో ఏం ల్యా. కొత్త సెట్టు తెప్పీల్ల, వారం పడతాది."

"మొన్న గట్టిదన్నావే?"

"అప్పుడు గట్టిదే. ఇప్పుడు సచ్చిపోయింది. పలకల్యా కదా!"

మార్గరెట్ టీచరు కళ్ళద్దాలు తీసింది. "జవాబు రాలేదంటే జవాబు లేదని కాదు, దస్తగిరీ. ముప్పై నాలుగేళ్ళు అదే పాఠం చెప్పాను. పాతది మళ్ళీ పెట్టి చూపించు. అప్పుడూ పలకకపోతే ఒప్పుకుంటాను."

"దాని కాళ్ళన్నీ వంగిపోయినాయి మా. వెంట్రుకంత ఉంటాయి. యాడ నిలబెట్టేది?"

మూల కూర్చున్న ఓబుళమ్మ వాళ్ళ పెదవుల కదలిక చూస్తోంది. లేచివచ్చి పాత ప్రాసెసర్‌ను అరచేతిలోకి తీసుకుంది. రవిక అంచున గుచ్చుకున్న సూది తీసి, కిటికీ వెలుతురులో కూర్చుని, ఒక్కొక్క కాలినీ నిటారు చేసింది. దస్తగిరి పక్కన వంగి చూశాడు. పదకొండో కాలు దగ్గర, "అబ్బా, ఈయమ్మనా దొంగన్నది!" అన్నాడు. టీచరు ఆ మాటను సైగలో చెప్పింది. ఓబుళమ్మ నవ్వలేదు, పన్నెండో కాలు సరిచేసింది.

పాతది నాలోకి వచ్చి కూర్చుంది. తెర వెలిగింది.

దస్తగిరి నెత్తిమీద కొట్టుకున్నాడు. "అయ్యో, బయాస్ మార్చల్యా నేను! తప్పు నాది టీచరమ్మా, బోర్డుది కాదు."

ఆ మాట అనగల మగవాణ్ణి నా జీవితంలో అతనొక్కణ్ణే చూశాను. జాబితా రాస్తున్నంతసేపూ కరెంటు పోతే నాకు నిజంగానే చావు. టీచరు స్విచ్చిబోర్డు ముందు కాపలా నిలబడింది. పోలేదు. కొత్త ప్రాసెసర్‌ను ఈసారి నేను గుర్తుపట్టాను.

మర్నాడు ఓబుళమ్మ పదిహేడు నిమిషాలు చెప్పింది. ఆ గుడ్డ ఎవరి సంచీలో వెళ్ళిందో, తాను చూసినందుకు తనపైనే నింద ఎలా పడిందో, అన్నీ. ఒక్క వేలి కదలిక కూడా జారిపోనివ్వలేదు నేను. చివరికి అధికారి, "మౌనంగా ఉన్నారని మొన్న రాయించిన వాక్యం కొట్టివేయండి" అన్నారు.

రెండు నెలలకు ఉత్తర్వు నా తెరమీదకే వచ్చింది. ఓబుళమ్మను తిరిగి పనిలోకి తీసుకోవాలని ఉంది. వీధి వీధంతా సంతోషించింది. దస్తగిరి పాలకోవా తెచ్చాడు.

మార్గరెట్ టీచరు ఉత్తర్వును రెండుసార్లు చదివింది. ఓబుళమ్మ ఆమె భుజం తట్టి ఏమైందని సైగచేసింది.

"పని ఇచ్చారు. నువ్వు దొంగవు కాదన్న మాట ఇందులో ఎక్కడా లేదు" అని వేళ్ళతో చెప్పి, కోవా పొట్లం పక్కకు జరిపి, కుర్చీ ముందుకు లాక్కుంది.

నా అతుకులు వదులవుతున్నాయి, వేడి తట్టుకోలేకపోతున్నాను. అయినా ఆమె కొత్త అర్జీకి మొదటి అక్షరం నొక్కింది. దాన్ని అందుకొని తెరకు చేర్చాను.