పచ్చనూలు ఎంత ఎత్తు లేస్తుంది?

పొద్దున్నే ఆ ఇంట్లో మొదటి పని నూలు చిలపలకి, అంటే నూలు చుట్టలకి, రాళ్లు కట్టడం. అద్దకం గదిలోంచి అమ్మమ్మ తెచ్చిన తడి నూలుని ఊరికే వదిలేస్తే గాల్లోకి లేచిపోతుంది మరి. దానిమ్మ తొక్కతో అద్దిన పసుపు మోకాలిదాకా లేచి బద్ధకంగా ఆగిపోయేది. మంజిష్ఠ వేరు ఎరుపు నడుముదాకా వచ్చేది. నీలిమందు నీలం సంగతి చెప్పక్కర్లేదు, ఇంటికప్పు దాటేసేది. పసుపు నూలుని నీలిమందులో ముంచితే వచ్చే పచ్చ మాత్రం తలదాకా లేచి, ఇంకా పోనా వద్దా అని ఊగిసలాడేది. ఆరిపోతే ఆ బుద్ధి పోతుందని అందరి నమ్మకం.

ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే తొమ్మిదేళ్ల పిల్ల ఉంది. ఆరిన నూలుని రాట్నం మీద కండెలకి చుట్టి అమ్మకి ఇవ్వడం దాని పని. మగ్గం మీద కూర్చోవాలని దానికి ప్రాణం కొట్టుకునేది. పొయ్యి మీద కూర మాడుతోందని అమ్మ లేచిన పూట ఆ ముచ్చట తీరింది. తీరా అమ్మ తిరిగొచ్చి చూస్తే దుప్పటి అంచులో ఆకులు ఎర్రగా, పూలు పచ్చగా ఉన్నాయి.

"కళ్లెక్కడ పెట్టుకుని నేశావే?"

"రెండూ ఒకటేగా అమ్మా?"

వేళాకోళమనుకుంది అమ్మ. కాదని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పిచ్చుకకి మాత్రం అంతా అయోమయం. తనని ఏడిపించడానికి ఇంట్లో వాళ్లంతా కూడబలుక్కున్నారా? పచ్చ ఎలా ఉంటుందని అమ్మమ్మనడిగితే ఆకులా అంది. ఎరుపు? దానిమ్మ పువ్వులా. ఆకూ పువ్వూ ఒకే రంగు కదా, ఈవిడేం చెబుతోంది? అడిగిన కొద్దీ చిక్కు ఇంకా బిగిసింది.

చివరికి అమ్మ దాన్ని పిన్ని కుండల కొట్టుకి పంపించాలనుకుంది. అక్కడ అన్నీ మట్టిరంగే, పొరపాటు పడదామన్నా కుదరదు. ఆ మాట వినగానే పిచ్చుక వెళ్లి మగ్గాన్ని పట్టుకుని వదల్లేదు.

బయల్దేరే రోజు అమ్మ తప్పు నేతని విప్పుతోంది. పిచ్చుక ఒక్కో చేత్తో ఒక్కో రంగు కండె పట్టుకుని, కళ్లు మూసుకుని వెక్కుతూ నిలబడింది. ఉన్నట్టుండి ఏడుపాపేసింది.

"అమ్మా, ఇది పైకి పోతానంటోంది. అది పోనంటోంది."

ఆరిన నూలు లేవడమేమిటని అమ్మ ఆ కండె తీసుకుని చూసింది. ఆమె చేతికేమీ తెలియలేదు, అమ్మమ్మ చేతికీ అంతే. కానీ అది పచ్చే. అమ్మ రెండు కండెలూ వీపు వెనక మార్చి మార్చి ఇచ్చింది. ఎన్నిసార్లిచ్చినా పిచ్చుక తప్పలేదు. ఇంత చిన్న సంగతి వీళ్లకెందుకు తెలియడం లేదో దానికి అర్థం కాలేదు. అమ్మమ్మకీ మతిపోయింది. ఇన్నేళ్లు అద్దాను, నాకొక్కనాడూ తెలియలేదేమిటే అని గొణుక్కుంది.

అమ్మ కళ్లు తుడుచుకుని మగ్గం బల్ల మీద పక్కకి జరిగింది.

"రా. ఆకు నువ్వు నెయ్యి."

పచ్చంటే ఏమిటో పిచ్చుకకి ఇంకా తెలియదు. పైకి లాగే కండెని పోగు నడిపే నాడెలో పెట్టి ఆకు నేసింది. సాయంత్రం పిల్ల ఇంకా రాలేదేమని పిన్ని కబురు పెడితే, దానికి తీరిక లేదు, మగ్గం మీద ఉందని అమ్మ చెప్పి పంపింది.